జేజినాయన మంగలి కత్తితో గెడ్డం చేసుకోవాలని ఉంది, కోయకుండా వెంట్రుక లాగుతా ఉంది, ఏం చేయాల?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అన్నలకు నమస్తే. మాది కర్నూలు, వయసు 27. నాకు మెడ మీద వెంట్రుకలు రింగులు తిరిగి ఉంటాయి, మూడు బ్లేడ్లు ఐదు బ్లేడ్లు ఉండే రేజర్‌తో చేసుకుంటే రెండో రోజుకే మెడంతా ఎర్రగా గుల్లలు లేస్తాయి, చొక్కా కాలరు తగిలితే మంట. శానా క్రీములు పూసినా, తగ్గలేదు.

పోయిన నెల ఊర్లో పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే మా జేజినాయన కత్తి దొరికింది. మడత కత్తి, కొమ్ము పిడి, తోక మీద సోలింగెన్ (కత్తులకు పేరున్న జర్మనీ ఊరు) అని చెక్కి ఉంది. రోజూ పొద్దున్నే బావి గట్టు మీద అద్దం పెట్టుకుని దీంతోనే గీసుకునేవాడంట, మా జేజి చెప్పింది. అప్పట్నుంచి నేను కూడా దీంతోనే నేర్చుకోవాలని మనసులో పడిపోయింది.

ఆన్‌లైన్‌లో తోలు పట్టా తెప్పించి, వీడియో చూసి ఒక ముప్పై సార్లు అటూ ఇటూ రుద్ది మొన్న ఆదివారం కూర్చున్నా. చెంప మీద పెడితే కోయడమే లేదు, వెంట్రుకను పట్టుకుని లాగుతా ఉంది, కండ్లలో నీళ్లు వచ్చినాయి. రోంత నొక్కితే గదుమ దగ్గర తెగింది, ఆపేసినా. ఇది నా చెయ్యి తప్పా, కత్తి తప్పా? ముందు సెలూన్లలో వాడే సగం బ్లేడు కత్తితో నేర్చుకుని తర్వాత దీనికి రావాల్నా? వెన్ను మీద తుప్పు మచ్చలు కూడా ఉన్నాయి.

---

సెలూన్_అన్న (కడప)

తమ్ముడూ, లాగుతా ఉందంటే పదును లేదని అర్థం, పదును లేనప్పుడు ఎవరైనా నొక్కుతారు, నొక్కితే తెగుతుంది. అంతే జరిగింది నీకు. మా నాయన నాకు పని నేర్పేటప్పుడు మొదటి మూడు నెలలు ఎవరి మొహం మీదా చెయ్యి పెట్టనీలేదు, సానరాయి, తోలు పట్టా ఈ రెండే నా పని. అప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు నీ ప్రశ్న చదువుతుంటే ఆయన ఎందుకట్ల చేసినాడో తెలుస్తాంది.

తోలు పట్టా పదును పెట్టదు. ఉన్న పదునును సరిచేస్తుంది, అంచు మీద సన్నగా వంగిన దాన్ని నిలబెడుతుంది. ఎన్నో ఏండ్లు పెట్టెలో పడుండే కత్తిని ముప్పై సార్లు కాదు మూడు వందల సార్లు రుద్దినా రాయి పడందే కోయదు. ముందు అంచును ఎండలో పెట్టి చూడు. అంచు మీదనే తుప్పు గుంతలు ఉంటే కష్టం, అంచు రాలిపోతా ఉంటుంది. వెన్ను మీద మచ్చలైతే భయం లేదు.

సగం బ్లేడు కత్తి గురించి అడిగినావు. మా నాయన పొదిలో రెండు పాత కత్తులు ఇప్పటికీ ఉన్నాయి, కానీ షాపులో ఒకరికి పెట్టిన అంచు ఇంకొకరికి పెట్టకూడదని, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ లాంటివి రక్తం ద్వారా వస్తాయి గదా, మేమూ బ్లేడు మార్చే కత్తికి వచ్చేసినాము. మా షాపుకి అదే కరెక్టు. నీకు మాత్రం దాంతో నేర్చుకోమని నేను చెప్పను. అది తేలిగ్గా ఉంటుంది, అంచు శానా కటువు, రోంత వాలు తప్పినా క్షమించదు. జేజినాయన కత్తికి బరువుంది, చేతికి మాట చెప్తుంది. నీది ఒక్కడి కత్తి, ఇంట్లో ఇంకెవరికీ ఇయ్యొద్దు.

---

అనంతపురం_సాన

నేను ఐదేండ్ల నుంచి సొంతంగా నూరుకుంటున్నా, అన్న చెప్పిందానికి రాయి సంగతి కలుపుతా. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టాల, వెన్ను కూడా తాకాల, అంచు కూడా తాకాల. ఎన్ని డిగ్రీలు అని మనం లెక్క వేసుకునే పని లేదు, వెన్ను మందమే ఆ కోణాన్ని పెట్టేస్తుంది, అందుకే వెన్ను ఎత్తితే కత్తి పాడైపోతుంది. రాయి మీద అంచు ముందుకు పోవాల. తోలు మీద తిరగేసి, వెన్ను ముందు, అంచు వెనక. చివరికి వచ్చినాక వెన్ను మీదనే తిప్పు, అంచు మీద తిప్పితే తోలు కూడా తెగుతుంది పదునూ పోతుంది. మొదట్లో నా పట్టా మీద నాలుగు గాట్లు పడినాయి, ఇప్పటికీ ఉన్నాయి.

అంచు పూర్తిగా పోయుంటే 1000 గ్రిట్ రాయితో (గ్రిట్ అంటే రాయి నునుపు నంబరు, పెరిగే కొద్దీ నున్నన) మొదలుపెట్టి 4000, 8000, ఆఖరుకి 12000. పదును రోంతే తగ్గి ఉంటే 1000 జోలికి పోవద్దు, అనవసరంగా ఉక్కు అరుగుతుంది. మొదటిసారి మాత్రం తెలిసినోళ్ల చేత నూరించుకో, ఎందుకంటే బాగా నూరిన కత్తి ఎట్ల కోస్తుందో ఒకసారి నీకు తెలియాల, తెలియకపోతే నీ నూరుడు బాగుందో లేదో దేంతో పోల్చుకుంటావు? ఆ తర్వాత ప్రతిసారీ చేసుకునే ముందు తోలు మీద 50, 60 సార్లు, పట్టా బిర్రుగా లాగిపట్టి, బరువు వేయకుండా. కొన్ని నెలలు రాయి అవసరం రాదు.

---

గండికోట_పిల్లోడు

మధ్యలో అడుగుతున్నా, మా ఇంటి కాడ కడప బండలు ఉన్నాయి, నున్నగా ఉంటాయి, వాటి మీద నూరకూడదా?

---

అనంతపురం_సాన

లేబ్బా, అది సున్నపురాయి, మెత్తన. రేజర్ ఉక్కును అది కోయలేదు. బాగా పాలిష్ చేసిన బండ అయితే దాని మీద వాటర్ పేపరు పరిచి నీళ్లు పోసి, గుంత పడిన సానరాయిని సమం చేసుకోవడానికి పనికొస్తుంది. మందం గాజు పలక దొరికితే ఇంకా మేలు.

---

సెలూన్_అన్న (కడప)

చెయ్యి గురించి కూడా చెప్తా. పదును వచ్చినాక మొదటి రెండు వారాలు చెంపలు మాత్రమే చేసుకో, మిగతాది నీ పాత రేజర్‌తో కానీ. స్నానం చేసి వచ్చినాక చేసుకో, వెంట్రుక నాని మెత్తబడి ఉంటుంది. మన దిక్కు బోరు నీళ్లకు నురగ నిలవదు, పిండి పిండిగా విరిగిపోతుంది, కాబట్టి ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకుని బ్రష్షు దాంట్లోనే ముంచు. ఫ్యాను ఆపు, ఈ ఎండల్లో ఫ్యాను కింద నురగ రెండు నిమిషాల్లో ఎండిపోయి కత్తి పట్టుకుంటుంది.

రెండో చేత్తో చర్మం లాగిపట్టడమే సగం పని. కత్తిని చర్మానికి 30 డిగ్రీల లోపల వాల్చు, వెంట్రుక పెరిగే దిక్కుకే చిన్న చిన్నగా గీయి. అడ్డంగా, అంచు పొడుగునా మాత్రం జారనీయొద్దు, అట్ల జారితేనే లోతుగా తెగేది. మెడ మీద వెంట్రుక ఒక్కో చోట ఒక్కో దిక్కుకు పోతుంది, ముందు వేలితో తడిమి చూసుకో. నీ గుల్లలకు కూడా అదే కారణం అయ్యుండొచ్చు, ఎక్కువ బ్లేడ్ల రేజర్ వెంట్రుకను పైకి లాగి చర్మం మట్టం కన్నా కిందికి కోస్తుంది, రింగుల వెంట్రుక బయటికి రాలేక లోపలే తిరుగుతుంది. ఒక్క అంచు కత్తి పైనే కోస్తుంది, మళ్లీ మళ్లీ అదే చోట గీయకపోతే శానా తగ్గుతుంది.

అయిపోయినాక పటిక తడిపి రాయి. కత్తిని తుడిచి, ఆరబెట్టి, సన్నగా నూనె రాసి పెట్టు. బాత్రూంలో మటుకు పెట్టొద్దు. కొమ్ము పిడి గదా, వేడి నీళ్లలో ముంచితే వంకర పోతుంది.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అన్నలూ, నెల తర్వాత వచ్చి రాస్తున్నా. అంచు మీద తుప్పు లేదు, వెన్ను మీదనే. అనంతపురం అన్నకు మెసేజ్ పెడితే ఆయనే తెచ్చి ఇమ్మన్నాడు, బస్సులో పోయి ఇచ్చినా, 1000 నుంచి మొదలుపెట్టి పక్కన కూర్చోబెట్టుకుని చూపించినాడు, రూపాయి తీసుకోలేదు. మొదటిసారి చెంప మీద పెడితే నురగ తుడిచినట్లే ఉంది, కోసిందో లేదో తెలీక వేలితో తడిమి చూసుకున్నా. సన్నగా శబ్దం మాత్రం వస్తుంది, పొడి ఆకుల మీద నడిచినట్ల. ఇప్పుడు చెంపలు, మెడ పైభాగం వచ్చినాయి, గుల్లలు సగానికి తగ్గినాయి. మా జేజికి ఆ శబ్దం వినిపించి పంచలో నుంచి లేచి వచ్చి నిలబడి చూసింది.

ఇంక గదుమ, మూతి మీద మిగిలినాయి. ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

---

సెలూన్_అన్న (కడప)

శానా సంతోషం తమ్ముడూ. గదుమ ఇంకో రెండు వారాలకు, కింది పెదవి పండ్ల మీదికి లాక్కుని గుండ్రాన్ని చదును చేసుకుని గీయి. మూతి ఆఖరున, ముక్కు చివర వేలితో పైకెత్తి, అంచు మొన ఎక్కడుందో చూసుకుంటా. జేజిని అడుగు, ఆయన మీసం పెట్టేవాడా లేదా అని.