పాత ఫోర్ వీల్ జీపు కింద ఏ ట్రాన్స్‌ఫర్ కేస్ ఉందో ఎలా పోల్చుకోవాలి?

ఉద్దానం_జీడితోట:
మందస దగ్గర తోట పనికని పాత మహీంద్రా జీపు తీసుకున్నాం, వెనక పికప్ బాడీ కట్టించి ఉంది. అమ్మినాయన "ఫోర్ వీల్ బాగా పనిచేస్తాది బాబూ" అన్నాడు గానీ కింద ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్, అదే గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక చక్రాలకి బలం పంచే బాక్స్, ఏదో ఆయనకీ తెలీదు. స్పేర్‌పార్టుల షాపుకెళ్తే డానా కంపెనీ 18 మోడలా, 20 మోడలా అని అడుగుతున్నారు. గేర్ రాడ్ పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లున్నాయి. ఎలా తేల్చాలి?

సాలూరు_ఘాట్:
రెండు రాడ్లుంటే డానా 18 అనే అనుకోవాలి, కానీ ఈ వయసు బళ్లకి ఎవరో ఒకరు రాడ్లు మార్చేసుంటారు కాబట్టి అదొక్కటే చూసి సీల్ కిట్ కొనకండి. కిందకి దూరి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే పొడవాటి గొట్టం, ఎక్కడ మొదలవుతుందో చూడండి. గేర్‌బాక్స్ నడిమికి కాకుండా బాగా కుడికి, అంటే మన డ్రైవర్ సీటు వైపుకి జరిగి ఉండి, వెనక హౌసింగ్ గుండు కూడా కుడికే ఉంటే 18. షాఫ్ట్ గేర్‌బాక్స్‌కి సూటిగా నడిమి నుంచి పోతే 20. రెండిట్లోనూ ముందు షాఫ్ట్ కుడి వైపే పోతుంది, దాన్ని చూస్తే ఏమీ తేలదు.

వంశధార_ఇసక:
షాఫ్ట్ చూశాక నమ్మకం కుదరకపోతే ఇంకో పరీక్ష ఉంది గురూ, పానాలు కూడా అక్కర్లేదు. ఇసక గానీ దున్నిన నేల గానీ చూసుకుని ఫోర్ వీల్ వేసి, సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐడిల్ మీదే బండిని పోనివ్వండి. రెండు కర్రలు పాతి, ఆ దూరానికి చిన్న రాడ్ హైలో (మామూలు వేగం) ఉంటే ఎన్ని సెకన్లు, లోలో (నెమ్మది, ఎక్కువ లాగుడు) ఉంటే ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూసుకోండి. డీజిల్ ఇంజన్‌కి ఐడిల్ స్పీడ్ పెద్దగా మారదు కాబట్టి లెక్క బాగానే వస్తుంది. సీజే జీపుల (మామూలు జనానికి అమ్మిన జీపులు) 18కి లో రేషియో, అంటే వేగం ఎన్ని రెట్లు తగ్గుతుందో ఆ లెక్క, 2.46, 20కి 2.03. అంటే హైలో 10 సెకన్లు పట్టిన దూరానికి లోలో 24, 25 పడితే 18. 20 సెకన్లు పడితే డానా 20 అనుకోవచ్చు, కాకపోతే యుద్ధకాలం నాటి విల్లీస్ ఎంబీలో ఉన్న 18కి 1.97 మాత్రమే, అందుకే మొదట వెనక షాఫ్ట్ చూడమనేది. నా జిప్సీకి ఇదే పరీక్ష చేస్తే 10కి 16 వచ్చింది. దాని లో 2.268 అయినా హైలోనే 1.409 ఉంటుంది, తేడా 1.6 రెట్లే. జిప్సీ లోలో జీపంత లాగదని అందరూ గొణిగేది ఇందుకే.

పాతపట్నం_రోడ్డు:
అన్నయ్యలూ, బాక్స్ పేరు తెలియడం సరే, వాడకం కూడా చెప్పండి, మా వైపు కుర్రాళ్లు వర్షం పడితే చాలు తారు రోడ్డు మీదే ఫోర్ వీల్ వేసి టెక్కలి దాకా పోతున్నారు. ఈ బాక్సుల్లో సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందు, వెనక షాఫ్టుల్ని వేరువేరు వేగాల్తో తిరగనిచ్చేది, ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద చక్రం జారదు, ఆ బలమంతా షాఫ్టుల్లో మెలి పడి ఉండిపోతుంది. అప్పుడు ఫోర్ వీల్ రాడ్ ఎంత లాగినా రాదు. సుత్తి తియ్యకండి, కొంచెం రివర్స్ పోనిచ్చి లాగితే దానంతటదే వస్తుంది. 18లో ముందు యాక్సిల్ని కలిపే రాడ్ వేశాకే రెండో రాడ్‌తో లో పడుతుంది, బలవంతం చేస్తే లోపల లాక్ అరిగిపోతుంది. లో వేసేటప్పుడు బండి ఆగి ఉండాలి, క్లచ్ పూర్తిగా తొక్కాలి. ఇంకో సంగతి, ఆ హై-లో రాడ్ న్యూట్రల్‌లో ఉంటే బండిని ఫస్ట్ గేర్‌లో పెట్టి దిగినా ఘాట్లో జారిపోతుంది.

సాలూరు_ఘాట్:
నిజం. "ఫోర్ వీల్ పనిచేస్తాది" అన్న మాట కూడా తేల్చుకోండి. మిగతా చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపండి. టూ వీల్‌లో చేత్తో తిప్పితే తిరగాలి, ఫోర్ వీల్ వేశాక తిరగకూడదు. అప్పుడూ తిరుగుతుంటే హబ్ (ముందు చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే భాగం) అయినా కలవడం లేదు, బాక్స్ లోపల అయినా పడటం లేదు.

గెటవే_ఎస్‌కోట:
మాది స్కార్పియో గెటవే, డాష్ మీద నాబ్ తిప్పితే మోటరే వేస్తుంది. ఇలాంటి చైన్ బాక్సులు అల్యూమినియంతో తేలిగ్గా ఉంటాయి, పాత జీపు పళ్ల బాక్సులా ఊళ పెట్టవు. వీటిలో చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పల్చటి ఆయిల్) పోయాలి, పాత వాటికి చిక్కటి 90 గేర్ ఆయిల్. ఒక షెడ్డులో తెలిసీ తెలియక మాదాంట్లో 90 పోసేయబోయారు.

ఉద్దానం_జీడితోట:
చూశాను. షాఫ్ట్ కుడికే ఉంది, సెకన్ల లెక్క కూడా 25 దగ్గరికి వచ్చింది, కాబట్టి 18యే. జాకీ పరీక్షలో చక్రం బిగిసింది. కానీ బాక్స్ వెనక హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము చుట్టూ నల్లగా జిడ్డు, బ్రేక్ కూడా పట్టడం లేదు. గేర్‌బాక్స్ ప్లగ్ విప్పితే చుక్క రాలేదు, ట్రాన్స్‌ఫర్ కేస్ ప్లగ్ విప్పితే ఆయిల్ బయటికి తన్నింది. ఇదేటి?

సాలూరు_ఘాట్:
రెండు పనులున్నాయి. గేర్‌బాక్స్‌కీ దీనికీ మధ్య సీల్ పోతే ఆయిల్ ఇటు దిగిపోతుంది. పైన ఆయిల్ పోసి ఊరుకుంటే మళ్లీ కిందకే వస్తుంది, బాక్స్ విప్పి ఆ సీల్ మార్చాల్సిందే. వెనక జిడ్డు అవుట్‌పుట్ సీల్‌ది, అంటే వెనక షాఫ్ట్ బయటికొచ్చే చోట ఉండే సీల్‌ది. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర కాదు, ఇక్కడే ఉంటుంది, అందుకే లైనింగ్ తడిసి పట్టడం లేదు. సీల్ వేసే ముందు యోక్ (షాఫ్ట్‌ని బాక్స్‌కి తగిలించే ముక్క) మీద సీల్ తగిలే చోట గోరుతో గీకి చూడండి, గాడి తగిలితే యోక్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త సీల్ కూడా కారుతుంది.