సమస్య: “పండుటాకు నెరసెఁ, బండెఁ దలయు”

నిర్వాహకుడు: మన వాడుకలో ఆకు పండుతుంది, జుట్టు నెరుస్తుంది. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ రెంటికీ ‘లయర్ట్’ అనే ఒక్క పాత రంగుమాటనే వాడాడని చదివిన నాటి నుంచి ఈ పాదం నన్ను వదలలేదు. ఈ పాదం చివర వచ్చేలా చేసే పద్యపూరణలో ఆ మాట నడక కనిపించాలి.

గోదావరిగట్టు:
తాత చెంపమీదఁ దరువుపై నొకమాట
చెల్లు స్కాటులుండు సీమయందు;
ఘన లయర్టు వన్నెఁ గాయమ్మునన్ దాల్చి
పండుటాకు నెరసెఁ, బండెఁ దలయు.

పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాట మొదట తెలుపు కలిసిన గుర్రపు రంగుకు చెల్లింది. 14వ శతాబ్ది చివర ఆంగ్లకవి చాసర్ కథలో బండివాడు తన గుర్రాన్ని పిలిచేది దీనితోనే. కనుక ఇది బూడిదరంగు కాదు, ఉన్న రంగులోకి తెలుపు చొరబడడం. మన ‘నెరయడం’ సరిగ్గా అదే.

రేగడివాన: గట్టు గారూ, వివరణ చాలా బాగుంది, కానీ గుర్రం వివరణలోనే ఆగిపోయి పద్యంలోకి రాలేదు. ‘ఘన’ యతి కోసమే వచ్చింది. సరళాదేశం (ఇక్కడ ‘కా’ ‘గా’ కావడం) శాస్త్రసమ్మతమే అయినా కాయం చెవికి గాయమైంది. నా పూరణ:

శీతరాత్రి టోపి సేద్యగాఁ డింటిలో
భక్తి మీఱఁ దీసె బైబిలెదుట;
బయటఁ గొమ్మ వీడి పవనమ్మునన్ దూలి
పండుటాకు నెరసెఁ, బండెఁ దలయు.

గోదావరిగట్టు: టోపీ తీయగానే పలచబడిన నెరసిన చెంపలు బయటపడే బర్న్స్ కవిత ‘ది కాటర్స్ సాటర్డే నైట్’లోని ఆ శనివారపు రాత్రిని రెండు పాదాల్లో పట్టారు, నమస్కారం. అయితే నెరసిన ఆకు ఆ కవితలోనిది కాదు, ఆయనదే ‘ది జాలీ బెగ్గర్స్’ అనే బిచ్చగాళ్ల గేయమాలికలోనిది. మొదటిది 1786లో కిల్మార్నాక్‌లో అచ్చయిన పుస్తకంలో ఉంది. రెండవది కవి పోయాక 1799లో గాని అచ్చు కాలేదు. రెంటినీ ఒకే ఇంటి లోపలా బయటా నిలిపారు. అది చమత్కారమే, కానీ చెప్పి చేయవలసిన చమత్కారం. ‘బ్లే’ అనే మరో స్కాట్ రంగుమాటపై ఇచ్చిన వెనుకటి సమస్యలోనూ మీరు ఇలాగే తొందరపడ్డారు. 15వ శతాబ్దపు స్కాట్లండు కవి హెన్రిసన్ తన శనిదేవుడి మేనిఛాయను సీసంతో పోల్చి పెదవులకు ఆ మాట వాడితే, మీరు వాటిని నీలమేఘాన్ని చేశారు. అది కమిలిన రంగు.

రేగడివాన: ‘కమిలిన’ అన్నది నాకు ఆనాడు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మరి మీ ‘ఘన’?

గోదావరిగట్టు: సవరించాను:

హయ లయర్టు వన్నె నంగమ్మునన్ దాల్చి

గుర్రం వచ్చింది, ‘ఘన’ పోయింది, గాయం మానింది.

రేగడివాన: ‘హయ లయర్టు’ను వైరిసమాసం (సంస్కృత పదాన్ని సంస్కృతం కాని పదంతో కలిపిన సమాసం) అనేవారు ఉంటారు. అన్యదేశ్యానికి ఆ పట్టింపు వద్దని నా అభిప్రాయం. ఈ పాదం నా నాలుగు పాదాలకంటె బాగుంది.