సేవ్ నొక్కితే పట్టికలో లాగిన్ పేజీ: తప్పు సర్వర్‌దా, స్క్రీన్‌దా?

బ్రాడీపేట బైట్:
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి బిల్లింగ్ స్క్రీన్ చేశాను. సర్వర్ జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), అది ఇంకో కుర్రాడు చూస్తాడు. గుమాస్తా కాటా చీటీలు పక్కన పెట్టుకుని టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు వరసగా కొట్టుకుంటూ పోతాడు, చివర్లో సేవ్ నొక్కితే పేజీ కదలకుండా అజాక్స్‌లో వెళ్తుంది. మొన్న భోజనం చేసొచ్చి సేవ్ నొక్కాడు. సెషన్ (లాగిన్ గడువు) అయిపోయింది. బరువులుండాల్సిన డబ్బాలో లాగిన్ పేజీ, పైన లోగో, కింద ఫుటర్‌తో సహా దిగింది. అజాక్స్‌కి 302 (వేరే పేజీకి పో) పంపొద్దు, 401 (లాగిన్ కాలేదు) పంపు అంటే ఆ కుర్రాడు వినడు. మీరేమంటారు?

పటమట పైథాన్:
ఆ కుర్రాడిదే కరెక్ట్. లాగిన్ లేదు, లాగిన్ పేజీకి పొమ్మంది, 302 అంటే అదేగా. వచ్చింది ఏమిటో చూడకుండా పట్టికలో కుక్కింది మీ జావాస్క్రిప్ట్.

బ్రాడీపేట బైట్:
చూడ్డానికి నాకేం కనిపిస్తుంది సార్? బ్రౌజర్ 302ని నా దాకా రానిస్తేగా! తనే వెళ్లి లాగిన్ పేజీ తెచ్చి 200 (అంతా ఓకే) అని చేతిలో పెడుతుంది. జావాస్క్రిప్ట్‌లో రిక్వెస్ట్ పంపే ఫెచ్‌లో రీడైరెక్ట్‌ని మాన్యువల్ చేసినా స్టేటస్ 0 వస్తుంది, ఎక్కడికి పొమ్మందో చెప్పే లొకేషన్ హెడర్ చదవనివ్వదు.

పటమట పైథాన్:
రెస్పాన్స్‌లో రీడైరెక్టెడ్ అని ఒకటుంది, యూఆర్‌ఎల్ అని ఒకటుంది. చూసుకుంటే రెండు లైన్ల పని. ఇక 401 అంటారా, దానితో ఎలా లాగిన్ అవ్వాలో చెప్పే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ హెడర్ పంపి తీరాలని హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం, 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110లో ఉంది. అందులో బేసిక్ అని పెడితే బ్రౌజర్ తన సొంత పాస్‌వర్డ్ డబ్బా తెరుస్తుంది. కుకీ లాగిన్‌కి ఆ హెడర్‌లో ఏం రాస్తారు చెప్పండి?

కృష్ణలంక:
లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) వాళ్లు ఆ హెడర్ లేకుండానే 401 పంపుతున్నారు. ఏ పోలీసూ రాలేదు.

పటమట పైథాన్:
వాళ్లు తప్పితే నేనూ తప్పాలా? జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో సెషన్ ఆథెంటికేషన్ ఒక్కటే పెట్టుకుంటే, ఆ హెడర్ ఇవ్వలేదు కాబట్టే 401 బదులు 403 (అనుమతి లేదు) ఇస్తుంది.

ఆటోనగర్ అన్న:
హెచ్‌టీఎంఎక్స్ (సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌ని పేజీలో పెట్టే లైబ్రరీ) వాడండి బ్రదర్. సర్వర్ హెచ్‌ఎక్స్-రీడైరెక్ట్ అని హెడర్ పంపితే పేజీ మొత్తం మారిపోతుంది. 302తో కాదు, మామూలు 200తో పంపాలి.

బ్రాడీపేట బైట్:
అన్నా, సీజన్ మధ్యలో స్క్రీన్ మొత్తం తిరగరాయాలా?

పైథాన్ గారూ, ఆ హెడర్‌ని ఇంక వదిలేయండి. మీ రెండు లైన్లు మీరు చెప్పకముందే రాశాను. రీడైరెక్ట్ అయ్యిందని తెలియగానే పేజీ మొత్తాన్నీ ఆ లాగిన్ అడ్రస్‌కి పంపాను. గుమాస్తా పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ అడ్రస్ చివర, లాగిన్ అయ్యాక ఎక్కడికి వెళ్లాలో చెప్పే నెక్స్ట్‌లో ఉన్నది బిల్లు పేజీ కాదు, సేవ్ అడ్రస్! పోస్ట్ (డేటా పంపడం) తప్ప ఇంకేదీ తీసుకోని చోటికి గెట్‌లో (పేజీ అడగడం) వెళ్లి పడ్డాడు, 405 (ఈ పద్ధతి కుదరదు). వెనక్కి నొక్కితే ఖాళీ పట్టిక. 38 వరసలు గోవిందా.

లాలాపేట:
నేను గుమాస్తానే. ఆ 38 మళ్లీ ఎవరు కొట్టారు?

బ్రాడీపేట బైట్:
అతనే, రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని.

పటమట పైథాన్:
మీ స్క్రీన్ల వాళ్ల ముచ్చట కోసం నేనూ ఒకసారి తలొగ్గాను. ఒక కాలేజీ ఫీజుల సైట్‌లో, అజాక్స్ అయితే ఒక జవాబు, కాకపోతే ఇంకో జవాబు అని ప్రతి వ్యూలో (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్‌లో) జాంగో వాళ్ల ఈజ్-అజాక్స్ పెట్టించారు. అది చూసేదల్లా జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ తగిలించే ఎక్స్-రిక్వెస్టెడ్-విత్ హెడర్‌ని, ఫెచ్ దాన్ని పంపదు. ఆ ఈజ్-అజాక్స్‌ని జాంగో 3.1లో వద్దన్నారు, 4.0లో తీసేశారు. అప్‌గ్రేడ్ చేసిన రోజు వరసపెట్టి అన్నీ పడిపోయాయి. రెండు రాత్రులు కూర్చున్నాను, పైసా ఇవ్వలేదు. ‘సర్వర్ నీదేగా’ అన్నారు.

బ్రాడీపేట బైట్:
అదీ సంగతి. నిన్నటి నుంచీ ఆర్‌ఎఫ్‌సీ, ఆర్‌ఎఫ్‌సీ అని నన్ను వాయిస్తున్నారు, మీ కడుపుమంట అది. నాదీ వినండి. ఏం జరిగినా కనిపించేది నా స్క్రీన్ మీదే కాబట్టి యజమాని ఫోన్ చేసేది నాకే. ఈసారి నా బిల్లులో కోత కూడా పెట్టాడు. సర్వర్ కుర్రాడి పేరు కూడా ఆయనకి తెలియదు.

పటమట పైథాన్:
కోత పెట్టడం అన్యాయమే, కాదనను. కానీ బరువులు బ్రౌజర్‌లోనే ఉన్నాయిగా, వాటి కిందనుంచి పేజీని లాగేసింది ఎవరు?

బ్రాడీపేట బైట్:
401 వచ్చుంటే ఎర్రర్ దారిలోకి పోయేది, పట్టిక జోలికే వెళ్లేవాణ్ణి కాదు.

పటమట పైథాన్:
ఫెచ్ 401కి ఎర్రర్ దారి పట్టదు బాబూ. నెట్‌వర్క్ పోతేనే పడుతుంది. రెస్పాన్స్ ఓకేనా కాదా అని మీరే అడగాలి. అడిగారా?

బ్రాడీపేట బైట్:
...లేదు. ఆ లైన్ ఇప్పుడు పెడుతున్నా. 403 ఇచ్చినా సరే, ఇవ్వమనండి.

ఆటోనగర్ అన్న:
అసలు సెషన్ ఎంత పెట్టారు? జాంగోలో మామూలుగా రెండు వారాలుంటుందిగా.

బ్రాడీపేట బైట్:
20 నిమిషాలు. యజమానే అడిగి పెట్టించాడు, గుమాస్తా లేచి వెళ్తే పక్క కొట్టువాళ్లు రేట్లు చూస్తారని.

లాలాపేట:
మాకు క్యారేజీ విప్పి తిని, చెయ్యి కడుక్కొచ్చేసరికే 40 అవుతుంది సార్.