పట్టు కాలిస్తే జుట్టు కాలిన వాసన ఎందుకొస్తుంది?

బీచ్‌రోడ్డు
వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర కొన్న చీర అసలు పట్టో కాదో చూద్దామని మా పిన్ని పైట చివర వేలాడే పోగులు రెండు లాగి అంటించింది. జుట్టు కాలిన కంపు. "పట్టే, ఇంక మాట్లాడకండి" అని తేల్చేసింది. నూలు కాలిస్తే కాగితం వాసనే కదా, మరి పట్టుకీ మన జుట్టుకీ ఏంటి సంబంధం?

కుట్టుమిషన్
రెండూ ప్రొటీన్లే అండీ. జుట్టు, గోళ్ళు, ఉన్ని కెరాటిన్ అయితే పట్టు ఫైబ్రోయిన్. జుట్టులో గంధకం ఎక్కువ కాబట్టి కంపు ఇంకా ఘాటు. నూలేమో సెల్యులోజ్, కాగితంలో ఉండేదీ అదే. కానీ పిన్నిగారి తీర్పు అప్పుడే ఒప్పుకోకండి, పైట చివర వేలాడేవి పడుగు (నిలువు) పోగులు మాత్రమే, పేకలో (అడ్డపోగుల్లో) పాలిస్టర్ కలిపి నేసిన చీరలు బోలెడు. లోపలి మడత నుంచి ఒక పేక పోగు తీసి పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్ళెం మీద కాల్చండి. పట్టు బూడిద వేళ్ళతో నలిపితే పొడైపోతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఆరాకే ముట్టుకోండి.

బీచ్‌రోడ్డు
ముద్ద కట్టింది! ఇంట్లో ఇంకా చెప్పలేదు. సరే, జుట్టు కాకుండా ఒంట్లో ఇంకేం పోగులుంటాయి?

మెడికో
చాలా. చర్మానికీ స్నాయువులకీ బలమిచ్చేది కొల్లాజెన్, మూడు ప్రొటీన్ గొలుసులు తాడులా పెనవేసుకుని ఉంటుంది. విటమిన్ సి అందకపోతే ఆ పేనడం కుదరదు, స్కర్వీలో చిగుళ్ళ నుంచి రక్తం కారేది అందుకే. సాగి మళ్ళీ వెనక్కొచ్చేది ఎలాస్టిన్. కండరం ఫైబర్ మాత్రం వేరే సంగతి, అది దారం కాదు, ఒక్కో ఫైబర్ ఒక్కో కణం. ఇంకోటి, కుట్లు వేసే క్యాట్‌గట్ కూడా కొల్లాజెనే, గొర్రెల, పశువుల పేగుల నుంచి తీస్తారు (పిల్లికేం సంబంధం లేదు), అది ఒంట్లోనే కరిగిపోతుంది. పట్టు దారంతో వేసిన కుట్లయితే విప్పించుకోవాలి.

ఉక్కపోత
చీర సంగతెలా ఉన్నా మే నెలలో కట్టకండి. నూలు తన బరువులో 8 శాతం దాకా గాలిలోని తేమ పీలుస్తుంది, పట్టు ఇంకాస్త ఎక్కువే, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. అయితే పొద్దున్నే బీచ్‌లో పరిగెత్తేవాళ్ళకి నేను పాలిస్టర్ టీషర్టే చెప్తాను, మన ఊరి తేమ గాలిలో చెమటకి తడిసిన నూలు ఓ పట్టాన ఆరదు, ఒంటికి అంటుకుపోయి చిరాకు.