కోరాపుట్‌లో చలి ముదిరేలోపు లాన్‌కి ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశా కొండల్లోని కోరాపుట్. వానలు వెనక్కి తగ్గాయి, పొద్దున్నే మంచు పడుతోంది. జూలైలో ఒత్తుగా ఉన్న లాన్ ఇప్పుడు అక్కడక్కడా పళ్లెమంత మేర పసుపెక్కింది. ఆ చోట గడ్డి పట్టుకుని లాగినా ఊడి రావడం లేదు, తవ్వి చూస్తే తెల్ల పురుగులూ లేవు. కాబట్టి వేరుపురుగు కాదనే అనుకుంటున్నా.

మాది ఎర్రమట్టి, పులుపు నేల. సున్నం వేయమని పక్కింటి మావయ్య గారు, యూరియా చల్లమని నర్సరీ అబ్బాయి. చలికి గడ్డి ఎదుగుదల ఎలాగూ మందగిస్తుంది, ఇప్పుడు యూరియా దండగ కదా? పైగా రెండూ కలిపి వేస్తే నత్రజని గాల్లో కలిసిపోతుందంటారు. సున్నానికి ముందు మట్టి పరీక్ష తప్పనిసరా?

అసలు తలనొప్పి తుంగ. పైన పీకితే కింద గడ్డ మిగిలిపోయి మళ్లీ మొలుస్తోంది. పిల్లలు అక్కడే ఆడతారు, మందు కొట్టను. ఎంత లోతు తవ్వితే గడ్డలన్నీ వస్తాయి? తవ్విన చోట గరిక ఇప్పుడే నాటొచ్చా, ఎండలు ముదిరేదాకా ఆగాలా?

మైదానం వాళ్ల లెక్కలు ఇక్కడి చలికి కుదరవు. జయపురం, సునాబెడ, అరకు వైపు వాళ్లెవరైనా చెప్పండి, ప్లీజ్.