ఆటోనగర్‌లో నేను చేయించిన రోలర్‌ని షాపువాళ్ళే అమ్ముకుంటున్నారు, ఇది దొంగతనం కాదా?

మేడికొండూరు_మిర్చి:
మాది గుంటూరు పక్కన మేడికొండూరు వైపు. కల్లంలో మిర్చి ఆరబోశాక మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పరుగే. నలుగురం చేరి టార్పాలిన్ పట్టా లాగేలోపు సగం కాయ తడిసేది. తడిసిన కాయకి యార్డులో ఏం ధర పలుకుతుందో ఇక్కడి రైతులకి చెప్పక్కర్లేదు. అందుకే ఒక్క మనిషి హ్యాండిల్ తిప్పితే పట్టా పరుచుకునేలా ఒక రోలర్ గీశాను. స్టాండు మీద జీఐ పైపు, దానికి చుట్టుకునే తాడు, గాలికి వెనక్కి తిరగకుండా పాత సైకిల్ ఫ్రీవీల్. అమ్మ ఒక్కతే తిప్పగలుగుతోంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో చేయించాను. డ్రాయింగ్ వాట్సాప్‌లో పంపి, "ఇది ఇంకెవరికీ చేయకండి, మా ఊళ్ళో నేనే చేయించి అమ్ముదామనుకుంటున్నాను" అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. "అలాగే బాబూ" అని జవాబిచ్చారు.

మొన్న ప్రత్తిపాడులో మా బంధువుల కల్లానికి వెళ్తే అదే రోలర్ ఉంది, షాపు స్టిక్కర్‌తో సహా. మా కల్లం ఒకవైపు ఎత్తుగా ఉంటుందని స్టాండుకి ఎడమ కాలు రెండంగుళాలు పొట్టిగా గీశాను. వాళ్ళ కల్లం చదునుగా ఉంది. అయినా ఎడమ కాలు పొట్టే! కింద ఇటుక ముక్క పెట్టుకున్నారు. అది చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. పోలీసు కేసు పెట్టొచ్చా? ఇప్పుడు పేటెంట్ వస్తుందా?

నల్లపాడు_రైతు:
అన్నా, ఊరుకోవద్దు. స్టేషన్‌కి వెళ్ళి దొంగతనం కేసు పెట్టండి, వాళ్ళే కాళ్ళబేరానికి వస్తారు.

బ్రాడీపేట_లా:
దొంగతనం కేసు నిలబడదండీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303లో దొంగతనమంటే చరాస్తిని తీసుకుపోవడం. ఆలోచన చరాస్తి కాదు.

కాపీరైటూ ఆలోచనకి ఉండదు. 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. ఆలోచనకి, ఇతివృత్తానికి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తపరిచిన తీరుకే ఉంటుంది. మీ డ్రాయింగ్ మీద హక్కు మీదే. అయితే సాంకేతిక డ్రాయింగ్ చూసి పరికరంలో కేవలం పనికి సంబంధించిన భాగాన్ని తయారుచేస్తే అది ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే ఉంది. డ్రాయింగ్ పట్టుకుని పోరాడితే మీకు ఒరిగేది తక్కువ.

మీకు నిజంగా బలమున్నది ఆ వాయిస్ మెసేజ్‌లో. నమ్మి రహస్యంగా చెప్పిన విషయాన్ని అనుమతి లేకుండా వాడుకుంటే, అది నమ్మకాన్ని ఉల్లంఘించడమని సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు. ఒక టీవీ కార్యక్రమం కాన్సెప్ట్ చెప్పించుకుని వాడుకున్నారన్న వివాదంలో 2003లో బొంబాయి హైకోర్టు జీ టెలీఫిల్మ్స్ వర్సెస్ సన్‌డయల్ కేసులో ఈ దారినే ఇంజంక్షన్‌ని, అంటే వాడకుండా ఆపే కోర్టు ఉత్తర్వుని, సమర్థించింది. మీ కేసులో మూడు చూపించాలి: చెప్పేనాటికి అది అందరికీ తెలిసినది కాదు, ఎవరికీ చేయొద్దన్న షరతుతోనే చెప్పారు, దాన్నే వాళ్ళు వాడారు. మూడోదానికి ఆ పొట్టి కాలు కన్నా మంచి సాక్ష్యం ఉండదు. చదును నేలలో ఇటుక పెట్టుకోవాల్సిన స్టాండుని సొంత బుర్రతో ఎవరూ గీయరు కదా! ఆ ఇటుకతో సహా ఫొటో తీయండి, మీ బంధువుల దగ్గర బిల్లు కాపీ అడగండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. అవతలి లాయరు పట్టుకునే చోటూ చెబుతాను: రోలర్ ఆరుబయట కల్లంలో ఉంది, దారిన పోయే ఎవరైనా చూడొచ్చు కదా అంటారు. అందుకే మీరు డ్రాయింగ్ పంపిన తేదీ, వాళ్ళు మొదట అమ్మిన తేదీ ముఖ్యం.

పేటెంట్ సంగతి కష్టమే. వ్యవసాయ పద్ధతికి ఇవ్వరు, పరికరానికైతే ఇస్తారు. కానీ కొత్తదనం ఉండాలి, ఇప్పటికే బజారులో అమ్ముడవుతోంది. మీ దగ్గర తీసుకుని మీకు చెప్పకుండా ప్రచురించినప్పుడు పేటెంట్ చట్టం సెక్షన్ 29లో కొంత వెసులుబాటు ఉంది, అదీ తెలిసిన వెంటనే దరఖాస్తు పెట్టినవాళ్ళకే. ఈ వారమే పేటెంట్ ఏజెంటుకి తేదీలన్నీ చూపించండి.

ఆటోనగర్_లేత్:
నాదీ ఇదే పని బాబూ. బయట దొరికే వస్తువు చూసి చేయడం మా దగ్గర మామూలే, దాన్ని తప్పనను. కానీ "చేయొద్దు" అంటే "అలాగే" అని చేయడం తప్పు. మాట ఇచ్చాక మాట మీద ఉండాలి. నోటీసుకి ముందు పెద్దమనిషి ఒకరిని తీసుకుని వెళ్ళి అడగండి. అమ్మిన ప్రతి రోలర్ మీద ఇంత అని ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇక మీదట ఆర్డర్ ఇచ్చేటప్పుడు బిల్లు మీదే "డ్రాయింగ్ కస్టమర్‌ది, వేరేవాళ్ళకి చేయరాదు" అని రాయించి సంతకం తీసుకోండి. నిజాయతీగా పనిచేసే షాపు కాదనదు.

మేడికొండూరు_మిర్చి:
అందరికీ థాంక్సండీ. బిల్లు ఫొటో ఇప్పుడే తెప్పించాను. తేదీ నేను డ్రాయింగ్ పంపిన తర్వాతదే. పెద్దమనిషిని తీసుకుని ఆదివారం వెళ్తాను. ఇంకొకటి. పట్టా రెండువైపులా ఒకేసారి పరుచుకునేలా ఇంకో రకం కాగితం మీద వేసి ఉంచాను. దాన్నింకా ఎవరికీ చూపించలేదు.

బ్రాడీపేట_లా:
చూపించకండి, ఇక్కడ ఫొటో కూడా పెట్టకండి! ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, పేటెంట్ దరఖాస్తు వేయండి. మన రాష్ట్రానికి చెన్నై పేటెంట్ ఆఫీసు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. వ్యక్తులకి దరఖాస్తు ఫీజు 1600 రూపాయలు, ఏజెంటు ఖర్చు వేరు. ఆ తేదీ నుంచి 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఆ రసీదు వచ్చాకే ఏ షాపుకైనా వెళ్ళండి.