హల్క్ సీరియల్‌లో బాక్సింగ్ ఎపిసోడ్: రింగ్ ఎక్కినవాళ్ళు ఏమంటారు?

పాతటీవీ_అభిమాని
అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో వచ్చిన పాత హల్క్ సీరియల్ మొదటినుంచి మళ్ళీ చూస్తున్నాను. డాక్టర్ డేవిడ్ బ్యానర్ చనిపోయాడని లోకం నమ్ముతుంది. అతనేమో సంచీ భుజాన వేసుకుని, పేరు మార్చుకుంటూ, ఊరూరా దొరికిన పని చేసుకుంటూ తిరుగుతుంటాడు. కోపం హద్దు దాటితే హల్క్‌గా మారిపోతాడు, అప్పుడు ఆ వేషం కట్టిన నటుడు లూ ఫెరిగ్నో ఆకుపచ్చ దేహంతో బయటికొస్తాడు. 1978 మార్చిలో వచ్చిన ఎపిసోడ్‌లో డేవిడ్‌కి ఒక అమాయకపు బాక్సర్‌తో స్నేహం కుదురుతుంది. జిమ్ ఓనర్ ఇచ్చే పొట్లాలు ఆ కుర్రాడు చేరవేస్తుంటాడు. లోపల హెరాయిన్ ఉందని అతనికి తెలియదు. చివరికి ప్రాణం మీదికి వస్తుంది. ముగింపు చెప్పను, చూడనివాళ్ళు ఉంటారు. మీలో బాక్సింగ్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, అందులో నిజం ఎంత?

ఇందూరు_సౌత్‌పా
అన్నా, మాది నిజామాబాద్. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాక ఇక్కడ ఏ గల్లీలో చూసినా గ్లవ్స్ కనిపించాయి. అంతకుముందు నుంచీ నేను ఆడేవాణ్ణి. ఆ ఎపిసోడ్‌లో నాకు బాగా నిజమనిపించింది జిమ్ ఓనర్‌ని కుర్రాడు నమ్మే తీరు. బ్యాగ్ ఇచ్చినవాడు, బూట్లు కొనిపెట్టినవాడు ఏం చెబితే అది చేస్తాం. ఎందుకని అడగాలనే ఆలోచన కూడా రాదు.

కోపం సంగతి మాత్రం వేరు. కోపంతో రింగ్ ఎక్కినవాడు మొదటి రౌండ్‌లోనే అలసిపోతాడు. మమ్మల్ని నిజంగా భయపెట్టేది బరువు, ఆడే కేటగిరీ దాటకుండా దాన్ని దించుకోవాలి. పోటీ ముందు రోజుల్లో స్వెటర్ మీద రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరిగెత్తించేవాళ్ళు. నోరు పిడచకట్టుకుపోయినా నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు. మా జిమ్‌లో ఒకడు అలాగే బరువు చూపించి, మర్నాడు రింగులో దెబ్బ తగలకుండానే తూలాడు. రిఫరీ వెంటనే ఆపాడు కాబట్టి సరిపోయింది.

న్యూజెర్సీ_రాత్రిడ్యూటీ
ఆ సీరియల్ చూస్తే నాకు బాక్సర్ ఎమిల్ గ్రిఫిత్ గుర్తొస్తాడు. ఆడవాళ్ళ టోపీల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, చాలా సౌమ్యుడు అంటారు. 1962 మార్చి 24న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బెన్నీ పారెట్‌తో మూడోసారి తలపడ్డాడు. బరువు తూచేటప్పుడు పారెట్ అతని మగతనం మీద అసహ్యంగా మాట్లాడాడు. పన్నెండో రౌండ్‌లో గ్రిఫిత్ అతన్ని మూలకి నెట్టి ఆపకుండా కొట్టాడు. పారెట్ తాళ్ళ మధ్య ఇరుక్కుపోయి కింద పడే వీలు కూడా లేకపోయింది. రిఫరీ కలగజేసుకునేసరికి ఆలస్యమైంది. పది రోజులకి పారెట్ చనిపోయాడు. టీవీలో లైవ్‌గా వచ్చిన ఫైట్ అది.

డేవిడ్‌కి హల్క్‌గా ఉన్నప్పుడు ఏం చేశాడో తర్వాత గుర్తుండదు. గ్రిఫిత్‌కి అన్నీ గుర్తున్నాయి. దశాబ్దాల పాటు పారెట్ కలలోకి వచ్చేవాడు. ఆ తర్వాత ఎదుటివాడికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని చెయ్యి వెనక్కి లాక్కునేవాణ్ణని తనే చెప్పాడు. సీరియల్‌లో ఎన్నో ఎపిసోడ్లు చివర్లో పియానో మోగుతుంటే డేవిడ్ ఒంటరిగా రోడ్డు మీద నడుస్తుంటాడు. అది చూసినప్పుడల్లా నాకు ఈయనే కళ్ళముందు కనబడతాడు.

రింగ్‌పక్కన_డాక్టర్
పారెట్ విషయంలో ఇంకో సంగతి ఉంది. అంతకు మూడు నెలల ముందే, 1961 డిసెంబర్‌లో, జీన్ ఫుల్మర్ చేతిలో దారుణంగా దెబ్బలు తిని నాకౌట్ అయ్యాడు. తల పూర్తిగా కోలుకోకుండానే మళ్ళీ ఎక్కించారని చాలామంది నమ్మకం. అందరూ గ్రిఫిత్ కోపాన్ని తప్పుపడతారు. నేను మాత్రం ముందు పారెట్‌ని రింగులోకి పంపినవాళ్ళని అడుగుతాను. అమెచ్యూర్ పోటీల్లో తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం ముప్ఫై రోజులు ఆడనివ్వకూడదన్న నియమం ఊరికే రాలేదు.

1982 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ కూడా బరువు కోసం నానా కష్టాలు పడి రింగ్ ఎక్కాడు. రే మాన్సినీతో పద్నాలుగో రౌండ్‌లో పడిపోయాడు, కొద్ది రోజులకి ప్రాణం పోయింది. ఆ తర్వాతే ప్రొఫెషనల్ బాక్సింగ్ సంస్థ డబ్ల్యూబీసీ టైటిల్ ఫైట్లని పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకి తగ్గించింది.

పుర్రె లోపలి పొరకీ మెదడుకీ మధ్య సన్నటి రక్తనాళాలు ఉంటాయి. తల విసురుగా తిరిగినప్పుడు అవి తెగుతాయి. రక్తం మెల్లగా చేరుతుంది కాబట్టి మనిషి లేచి, మాట్లాడి, నవ్వి, ఇంటికి కూడా వెళ్ళొచ్చు. కొన్ని గంటలకో, రోజులకో ప్రమాదం బయటపడుతుంది. సినిమాల్లో అలా ఉండదు, కొట్టగానే పడిపోతాడు. నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఈ మధ్యలో ఉండే సమయమే.

వైజాగ్_బీచ్‌రోడ్
డాక్టర్ గారూ, మా తమ్ముడికి మొన్న ఆదివారం స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైట్‌లో) చెవి దగ్గర గట్టి దెబ్బ తగిలింది. అప్పుడు బాగానే ఉన్నాడు. నిన్నటి నుంచి తలనొప్పి, ఇవాళ ఒకసారి వాంతి అయింది. నిద్ర మత్తులోనే ఉంటున్నాడు. కోచ్ గారు ఎండ దెబ్బేమో అన్నారు, మజ్జిగ తాగించమన్నారు.

రింగ్‌పక్కన_డాక్టర్
అమ్మా, పడుకోనిచ్చి చూద్దాం అనుకోవద్దు. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇవ్వకండి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి. తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. క్యాజువాలిటీలో ముందుగా చెప్పాల్సిన మాట ‘బాక్సింగ్‌లో తలకి దెబ్బ తగిలింది’ అని. ఎండ దెబ్బ అని మాత్రం అనొద్దు.

వైజాగ్_బీచ్‌రోడ్
108కి చేశాను, వస్తోంది.